స్టాన్‌మోర్ నుంచి రాతికీ మంచుకీ: శిలారోహణ, బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ సామగ్రి, ప్రయాణాలు

స్టాన్‌మోర్ లండన్ మహానగరానికి వాయవ్య అంచున, హారో బరోలో ఉన్న శివారు. ఇక్కడ ఎక్కడానికి రాయి లేదు, జారడానికి మంచు నిలవదు. ఊరి పైభాగాన ఉన్న గుట్ట సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తు. అడుగున లండన్ బంకమన్ను, నెత్తిన గులకరాళ్ల పొర. ఆ పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు స్టాన్‌మోర్ గ్రావెల్ అనే పేరే పెట్టారు. రాతి విషయంలో ఊరికి దక్కిన కీర్తి అంతవరకే.

దారుల విషయంలో మాత్రం ఈ ఊరు అదృష్టవంతురాలు. 1932 డిసెంబరు 10న తెరుచుకున్న ఇక్కడి స్టేషన్ 1979లో జూబ్లీ లైను చేతికి వచ్చింది. 1999లో ఆ లైనును తూర్పుకు పొడిగించినప్పటి నుంచి రైలు మారకుండా లండన్ బ్రిడ్జి దాకా పోవచ్చు. ఆగ్నేయ ఇంగ్లండు ఇసుకరాతి గుట్టలకు వెళ్లే రైళ్లు అక్కడే దొరుకుతాయి. ఎం1 రహదారి నాలుగో జంక్షన్ ఊరి పక్కనే ఉంది. ఉత్తరంగా పోతే పీక్ డిస్ట్రిక్ట్. ఇక తూర్పు అంచున బ్రాక్లీ హిల్ మీదుగా పోయే వాట్లింగ్ స్ట్రీట్ రోమన్ల నాటి బాట. దాన్నే అనుసరిస్తూ సాగి, థామస్ టెల్ఫర్డ్ 19వ శతాబ్దం తొలినాళ్లలో వేల్స్ కొండల గుండా వేసిన మార్గంతో కలిసే ఏ5 రహదారి, ఆగ్వెన్ లోయలో ట్రైఫాన్ శిఖరం పాదాల దగ్గరగా వెళుతుంది.

అందుకే స్టాన్‌మోర్ నుంచి బయలుదేరేవారికి సామగ్రి ప్రశ్న వేరుగా ఉండదు, ప్రయాణ ప్రశ్నలోనే కలిసి ఉంటుంది. ఏ రాయి, ఏ మంచు, ఏ నెల అన్నది తేలాకే సంచిలో ఏముండాలో తేలుతుంది. ససెక్స్ ఇసుకరాతికి అవసరమైన తాడు వేల్స్‌లో పెద్దగా పనికిరాదు. వేల్స్‌లో ప్రాణం కాపాడే పరికరాలను ఇసుకరాతి పగుళ్లలో పెట్టడం నిషిద్ధం. ఆల్ప్స్‌లో తప్పనిసరి అనిపించే, మంచు చరియలో మనిషిని తేల్చే ఎయిర్‌బ్యాగు కంటే స్కాట్లండులో దిక్సూచి ఎక్కువ అక్కరకొస్తుంది. గమ్యం తేలకముందే దుకాణానికి వెళ్లడమే కొత్తవారి డబ్బు వృథా కావడానికి పెద్ద కారణం.

బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటే లిఫ్టులు, చదును చేసిన వాలులు, గస్తీ సిబ్బంది లేని కొండల్లో సొంత కాళ్ల బలంతో ఎక్కి, స్కీల మీద దిగడం. స్కీ టూరింగ్ అన్నా ఇంచుమించు ఇదే. శిలారోహణతో దీనికి బంధుత్వం దగ్గరిదే. రెండింటిలోనూ నిర్ణయం, బాధ్యత ఎక్కేవారివే.

మద్రాసులో పుట్టి హారోలో చదివిన స్కీయరు

ఈ రెండు కళలూ ఒకే జీవితంలో కలిసిన ఉదాహరణ స్టాన్‌మోర్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే దొరుకుతుంది. ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసులో పుట్టాడు. తండ్రి హెన్రీ లన్ అక్కడ మెథడిస్టు మిషనరీగా పనిచేసి, తరువాత ఇంగ్లండుకు తిరిగివచ్చి ఆల్ప్స్ యాత్రల వ్యాపారం పెట్టాడు. కొడుకు హారో స్కూల్లో, ఆపై ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. 1908లో ఆల్పైన్ స్కీ క్లబ్ స్థాపించాడు. ఆ మరుసటి ఏడాది వేల్స్‌లోని కాడెర్ ఇద్రిస్ కొండపై, కివ్రూయ్ అనే శిఖరభాగాన రాయి ఎక్కుతూ పడిపోయాడు. కాలు విరిగింది. అతికిన తరువాత అది రెండో కాలి కంటే పొట్టిగా మిగిలిపోయింది. ఆ కాలితోనే 1917లో గైడు జోసెఫ్ క్నూబెల్‌తో కలిసి స్విట్జర్లాండులోని 4,545 మీటర్ల డోమ్ శిఖరాన్ని స్కీలతో తొలిసారి ఎక్కాడు. 1922లో ముర్రెన్‌లో ఆధునిక స్లాలమ్ పందేనికి రూపమిచ్చింది కూడా అతనే. పందేలే అతనికి పేరు తెచ్చాయి గానీ, వసంతంలో మంచు ఎప్పుడు గట్టిపడుతుంది, ఎప్పుడు కరిగి జారుతుంది అన్న గమనింపును స్కీయర్లకు నేర్పడమే అతని అసలు సేవ అనాలి. ఇప్పటికీ స్కీ టూరింగ్‌లో తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికల్లా కిందికి చేరాలనడం ఆ గమనింపు మీద నిలబడిన నియమమే.

ఇసుకరాయి: జూబ్లీ లైను దూరంలో

లండన్‌వారికి అతి దగ్గరి సహజ శిలలు ససెక్స్, కెంట్ సరిహద్దులో, టన్‌బ్రిడ్జ్ వెల్స్ చుట్టూ ఉన్నాయి. హారిసన్స్ రాక్స్, బౌల్స్, హై రాక్స్, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దగ్గరి స్టోన్ ఫార్మ్ వాటిలో పేరున్నవి. ఎత్తు సుమారు 10 మీటర్లు. చెట్ల నీడలో ఉండే ఈ గుట్టల దగ్గర 1920ల నుంచీ తాళ్లు వేలాడుతున్నాయి. ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో స్త్రీల బృందాలను నడిపించి పేరు తెచ్చుకున్న నియా మోరిన్ ఈ చుట్టుపక్కల రాళ్లు కూడా ఎక్కింది.

స్టాన్‌మోర్‌లో జూబ్లీ లైను ఎక్కి లండన్ బ్రిడ్జిలో దిగి, అక్‌ఫీల్డ్ మార్గపు రైలులో ఎరిడ్జ్ చేరితే, హారిసన్స్ రాక్స్ అక్కడి నుంచి అరగంట నడక. కారు అవసరం లేదు. వారాంతాల్లో, ముఖ్యంగా ఆదివారాల్లో, రైళ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి తిరుగు రైలు సమయం ముందే చూసుకోవాలి.

ఈ రాయి దాదాపు 14 కోట్ల ఏళ్ల నాటిది. రాళ్ల లెక్కలో పసిది, మెత్తనిది. పూర్ణం బూరెలాగే దీని గట్టిదనమంతా పైపొరలోనే ఉంటుంది. ఆ పొర ఊడిందంటే లోపలిది వేలితో గీరినా రాలే ఇసుక. ఇక్కడి ఆచారాలన్నీ ఈ ఒక్క గుణం నుంచే పుట్టాయి. ముందుండి ఎక్కుతూ పగుళ్లలో లోహపు పరికరాలు దూర్చుకుంటూ పోవడం ఇక్కడ కుదరదు. తాడు పై నుంచి వేలాడాలి. అదీ రాతి అంచుకు తగలకూడదు. అందుకని పైన ఉన్న బోల్టులకో బలమైన చెట్టుకో సాగని తాడుతో లంగరు కట్టి, దాని కొసను అంచు దాటి కిందికి వేలాడేలా వదిలి, ఆ కొసన స్క్రూ గేటు ఉన్న కారబీనర్లు అనే లోహపు కొక్కేలు రెండు ఎదురెదురుగా తగిలించి, ఎక్కే తాడును వాటిలోంచి పోనిస్తారు. తాడు కదిలినప్పుడల్లా ఒరుసుకునేది లోహాన్ని తప్ప రాతిని కాదు. హారిసన్స్‌లో కొన్ని చోట్ల అంచుల మీద కనిపించే లోతైన గాళ్లు ఈ జాగ్రత్త తీసుకోని పాత తరాల తాళ్లు కోసినవే.

ఇక్కడికి కావలసిన సరంజామా కొంచెమే: లంగరుకు 10 మీటర్ల వరకూ సాగుదల తక్కువున్న తాడు, అంచున దాని కింద పరిచే తొడుగు, మూడు నాలుగు స్క్రూ గేటు కారబీనర్లు, 30 మీటర్ల ఎక్కే తాడు, హార్నెస్, హెల్మెట్, తాడును ఆపి పట్టే బిలే పరికరం, బూట్లు. వీటితో పాటు ఒక పాత తువాలు. బూట్ల అడుగున అంటిన ఇసుకే రాతిని గరుకు కాగితంలా అరగదీస్తుంది కనుక, ఎక్కేముందు అడుగులు తుడుచుకోవడం ఇక్కడి కనీస మర్యాద. వాన వెలిసిన వెంటనే రాయి పైకి పొడిగా కనిపించినా లోపల తడిగానే ఉంటుంది. తడిసిన ఇసుకరాయి బలం బాగా పడిపోతుంది, పట్టులు విరిగి చేతిలోకి వస్తాయి. అలాంటి రోజున ఎక్కకుండా వెనుదిరగడమే పద్ధతి. చలికాలంలో ఈ గుట్టలు పాచిపట్టి పచ్చగా ఉంటాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకూ మంచి కాలం. హారిసన్స్ బాగోగులు 1944లో ఏర్పడిన బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్, అంటే బీఎంసీ, చూసుకుంటోంది. ఈ రాతికి సంబంధించిన నియమావళి కూడా అదే ప్రచురిస్తుంది.

తెలంగాణ బండల మీద చేతులు రాటుదేలినవారికి ఈ జాగ్రత్తలు అతి అనిపించవచ్చు. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటి స్ఫటికాల గరుకుదనం వేళ్ల చర్మాన్ని కోస్తుందే తప్ప రాయికి ఏమీ కాదు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కకముందు సాధన మొదలుపెట్టిన భువనగిరి బండ అలాంటిదే. అక్కడ బూటు అడుగును నమ్మి నున్నటి వాలు మీద నిలబడటం అలవాటైన వారికి పీక్ డిస్ట్రిక్ట్‌లోని గ్రిట్‌స్టోన్ అనే గరుకు రాయి వెంటనే నచ్చుతుంది. ఇసుకరాయికి మాత్రం చేతుల బలం కావాలి, అడుగు మృదువుగా పడాలి.

వాన రోజుల కోసం నగరంలో గోడలున్నాయి. మేనర్ హౌస్ దగ్గర 19వ శతాబ్దపు నీటి పంపింగ్ కేంద్రంలో 1995 నుంచి నడుస్తున్న కాజిల్ క్లైంబింగ్ సెంటర్ వాటిలో ప్రసిద్ధం. కోటలా కనిపించేలా కట్టిన పంపింగ్ కేంద్రం అది. తాడు పట్టడం, ముడి వేయడం వచ్చని సిబ్బంది ఎదుట చూపించాకే స్వతంత్రంగా ఎక్కనిస్తారు. బూట్లు, హార్నెస్ అద్దెకు దొరుకుతాయి. మొదటి కొన్ని నెలలు కొనవలసింది బూట్లు మాత్రమే. అవి కాలివేళ్లను బిగించి పట్టాలి, నొప్పి పుట్టించకూడదు. సాయంత్రం పూట, కాళ్లు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కొలిచి కొంటే మంచిది.

గ్రిట్‌స్టోన్, వేల్స్: రైలు పట్టాల పక్కన దొరికిన పరికరం

పీక్ డిస్ట్రిక్ట్‌లోని స్టానేజ్ ఎడ్జ్ దాదాపు 6 కిలోమీటర్ల పొడవున సాగే గ్రిట్‌స్టోన్ అంచు. వెయ్యికి పైగా దారులున్నాయి. స్టాన్‌మోర్ నుంచి కారులో అయితే ఎం1 మీద చెస్టర్‌ఫీల్డ్ వరకు పోయి పక్కకు తిరగాలి. రైలులో అయితే సెయింట్ పాంక్రాస్ నుంచి షెఫీల్డ్, అక్కడి నుంచి హోప్ లోయ రైలులో హేదర్‌సేజ్, ఆపైన నడక. ఒక్కరోజులో వెళ్లిరావడం సాధ్యమే కానీ రాత్రి బస ఉంటే రాయికి న్యాయం జరుగుతుంది.

ఇక్కడా, వేల్స్ కొండల్లోనూ చాలాచోట్ల బోల్టులు కొట్టరు. ముందు ఎక్కేవారు తమ రక్షణను తామే పగుళ్లలో అమర్చుకుంటూ పోతారు, వెనక వచ్చేవారు వాటిని తీసేస్తారు. బ్రిటిష్ ట్రాడ్ సంప్రదాయం అంటే ఇదే. ఈ పరికరాల కథ ఈ కొండల్లోనే మొదలైంది. 1950ల్లో స్నోడన్ కొండ రైలు పట్టాల పక్కన పడి ఉన్న ఇనుప నట్లను ఏరుకుని, మర లోపలి గీతలు అరగదీసి, వాటికి తాడు గుచ్చి పగుళ్లలో ఇరికించేవారు. 1961లో జాన్ బ్రెయిల్స్‌ఫర్డ్ ఇందుకోసమే ప్రత్యేకంగా లోహపు ముక్కలు తయారుచేశాడు. ఆ తరువాత అమెరికన్ రే జార్డిన్ కనిపెట్టిన, పగులులో విచ్చుకుని పట్టే స్ప్రింగు కామ్‌లను ఫ్రెండ్స్ అనే పేరుతో 1978లో పీక్ డిస్ట్రిక్ట్‌లోనే మార్క్ వాలెన్స్ తయారుచేసి అమ్మాడు. సమాంతరంగా ఉండే గ్రిట్‌స్టోన్ పగుళ్లలో నట్టు నిలవదు, కామ్ నిలుస్తుంది. అందువల్ల అప్పటిదాకా రక్షణ లేదనుకున్న దారులెన్నో అందుబాటులోకి వచ్చాయి.

ట్రాడ్‌కు తొలి సరంజామా అంటే చిన్నవి నుంచి పెద్దవి దాకా ఒక వరుస నట్లు, వాటిని బయటికి లాగే నట్ కీ, మధ్యస్థ పరిమాణపు కామ్‌లు మూడు నాలుగు, పొడవు మార్చుకోగల స్లింగులు, తాడును పరికరాలకు కలిపే క్విక్‌డ్రాలు. గ్రిట్‌స్టోన్ అంచులకు ఒక 50 మీటర్ల సింగిల్ తాడు చాలు. దారి అటూ ఇటూ వంకర్లు తిరిగే వేల్స్ కొండల్లో రెండు సన్నని హాఫ్ తాళ్లు వాడితే రాపిడి తగ్గుతుంది, దిగేటప్పుడు రెండింటినీ కలిపి పూర్తి పొడవు వాడుకోవచ్చు. ప్రతి కారబీనర్ మీదా కిలోన్యూటన్లలో బలం ముద్రించి ఉంటుంది. యూరప్ ప్రమాణం ప్రకారం మామూలు కారబీనర్ నిలువునా కనీసం 20 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. గేటు తెరుచుకుని ఉంటే ఆ బలం సగానికన్నా తక్కువకు పడిపోతుంది. ముద్ర లేనిది తాళం చెవులకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

పాత సామాను కొనే విషయంలో ఒకే నియమం ఉంది. గుడ్డతో, నైలానుతో చేసినవి, అంటే తాళ్లు, హార్నెస్‌లు, స్లింగులు, చరిత్ర తెలియని వారి నుంచి కొనకూడదు. వాడకుండా పెట్టెలో ఉంచినా వీటికి సుమారు 10 ఏళ్లకు మించి ఆయుష్షు ఇవ్వరు తయారీదారులు. బ్యాటరీ ఆమ్లం ఆవిరి తగిలినా తాడు చస్తుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. కారు డిక్కీలో పాత బ్యాటరీ పక్కన తాడు పడేసే అలవాటున్నవారు గమనించాలి. నట్ల లాంటి లోహపు సామాను చూసి కొనవచ్చు.

దారుల కష్టాన్ని చెప్పే బ్రిటిష్ కొలమానంలో మోడరేట్, డిఫికల్ట్, వెరీ డిఫికల్ట్, సివియర్, హార్డ్ సివియర్, వెరీ సివియర్, హార్డ్ వెరీ సివియర్, ఆపైన ఈ1 నుంచి సాగే అంకెలు. ఇది కదలిక కష్టాన్ని మాత్రమే కాదు, పడితే ఏమవుతుందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. లోపలి గోడ మీద వాడే ఫ్రెంచ్ అంకెలకు దీంతో సూటి పోలిక కుదరదు. గోడ మీద 6బి ఎక్కేవారు స్టానేజ్‌లో వెరీ డిఫికల్ట్ దారితో మొదలుపెడితే నామోషీ ఏమీ లేదు. పరికరం అమర్చడం నేర్చుకునేది సులువైన రాతి మీదే.

వేల్స్‌లో కాపెల్ క్యూరిగ్ దగ్గరి ప్లాస్ ఎ బ్రెనిన్ జాతీయ శిక్షణ కేంద్రం. 917 మీటర్ల ట్రైఫాన్, దాని పక్క లోయలో ఇడ్వాల్ పలకలు ఆరంభ దశ వారికి పొడవైన సులువు దారులిస్తాయి. వసంతంలో కొన్ని రాతి భాగాలను పక్షులు గూళ్లు పెట్టినందుకు మూసివేస్తారు. స్టానేజ్‌లో రింగ్ ఊజెల్ పిట్టకు, ఇతర చోట్ల పెరిగ్రిన్ డేగకు ఆ రక్షణ ఉంది. బయలుదేరేముందు బీఎంసీ ఆంక్షల జాబితా చూడాలి.

మంచు: హెమెల్ హెంప్‌స్టెడ్ నుంచి కెయిర్న్‌గార్మ్స్ దాకా

స్కీయింగ్ మొదటి పాఠం స్టాన్‌మోర్ నుంచి ఎం1 మీద కొద్దిసేపటి ప్రయాణంలోనే దొరుకుతుంది. హెమెల్ హెంప్‌స్టెడ్‌లో 2009లో తెరిచిన స్నో సెంటర్‌లో 160 మీటర్ల పొడవు వాలు మీద నిజమైన మంచు ఉంటుంది. మిల్టన్ కీన్స్‌లో 2000లో మొదలైన మరోటి ఉంది. ఇక్కడ మలుపులు, ఆగడం వస్తాయి. గాలి తోసిన గట్టు మంచు, మోకాలు దిగబడే తడి మంచు రావు. లిఫ్టులున్న రిసార్టులో ఎర్ర గీత వాలులను ఏ రకం మంచులోనైనా కుదుటగా దిగగలిగాకే బ్యాక్‌కంట్రీ మాట ఎత్తాలి.

టూరింగ్ స్కీకీ మామూలు స్కీకీ అసలు తేడా బైండింగులో ఉంది. ఎక్కేటప్పుడు మడమ లేవాలి, దిగేటప్పుడు బిగుసుకోవాలి. ఆస్ట్రియన్ ఫ్రిట్జ్ బార్తెల్ 1980ల్లో రూపొందించిన సూదుల బైండింగు బూటు ముందరి రెండు గుంటల్లో దిగి పట్టుకుంటుంది. బరువును బాగా తగ్గించింది అదే. స్కీ అడుగున అంటించే స్కిన్స్ ఒకప్పుడు సీల్ చర్మంతో చేసేవారు. ఇప్పుడు మోహెయిర్, నైలాన్. ముందుకు జారతాయి, వెనక్కి పట్టేస్తాయి. గట్టిపడిన వాలుకు స్కీ క్రాంపాన్లు కావాలి. కొనే క్రమం గురించి అనుభవజ్ఞులందరిదీ ఒకే మాట: ముందు బూట్లు, అదీ పాదం చూసి సరిచేసే దుకాణంలో. స్కీలు రెండు మూడు కాలాలు అద్దెకు తీసుకున్నా నష్టం లేదు. సరిపడని బూటు మొదటి గంటలోనే యాత్రను ముగిస్తుంది.

బ్రిటన్‌లో స్కీ టూరింగ్ అంటే స్కాట్లండే. లండన్ యూస్టన్ నుంచి శనివారం తప్ప ప్రతి రాత్రీ బయలుదేరే కాలెడోనియన్ స్లీపర్ తెల్లవారాక ఏవీమోర్‌లో దింపుతుంది. స్కీ సంచి మోసుకుని జూబ్లీ లైనులో మారుతూ పోవడం కంటే, స్టాన్‌మోర్ నుంచి టాక్సీలో హారో అండ్ వెల్డ్‌స్టోన్ చేరి సూటిగా యూస్టన్ రైలు ఎక్కడం నడుముకు మేలు. ఏవీమోర్ పక్కనే 1,245 మీటర్ల కెయిర్న్ గార్మ్, లోపలికి పోతే 1,309 మీటర్ల బెన్ మాక్‌డూయి. 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లండులో బాధ్యతగా మెలిగే ఎవరికైనా కొండల మీద తిరిగే హక్కుంది, అనుమతి పత్రాలు అక్కర్లేదు.

ఎత్తులు చూసి ఈ కొండలను తక్కువ అంచనా వేయడం హిమాలయాల బొమ్మలు చూసి పెరిగిన మనవారికి సహజం. 57 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, అట్లాంటిక్ తుపాన్ల దారిలో ఉన్న ఈ పీఠభూమి మీద డిసెంబరులో మూడున్నరకే పొద్దు గుంకుతుంది. గాలి మనిషిని నిలబడనివ్వదు. నేలా ఆకాశమూ ఒకే తెలుపై, పక్కనున్నది గోడో లోయో తెలియదు. 1971 నవంబరులో ఎడిన్‌బరో పాఠశాల పిల్లల బృందం ఈ పీఠభూమి మీద మంచు తుపానులో చిక్కుకుంది. ఐదుగురు విద్యార్థులు, వారితో ఉన్న యువ సహాయకురాలు చనిపోయారు. బ్రిటన్ కొండల్లో జరిగిన అతి పెద్ద విషాదాల్లో అది ఒకటి. పిల్లలను కొండలకు తీసుకెళ్లేవారి శిక్షణ గురించి దేశమంతా చర్చించింది.

కాబట్టి స్కాటిష్ సంచిలో మొదటి స్థానం కాగితపు పటానికి, దిక్సూచికి. చలికి ఫోను బ్యాటరీ చచ్చిపోతుంది, తడి చేతి తొడుగుతో తెర పనిచేయదు. రెండోది గాగుల్స్. ఎగిరే మంచులో కళ్లు తెరవలేకపోతే పటం ఉండీ లాభం లేదు. ఐస్ ఆక్స్, క్రాంపాన్లు, హెడ్ టార్చి, నలుగురు దూరగల గాలి గుడారం వరుసగా వస్తాయి. కోరీలనే గిన్నెలాంటి లోయల అంచుల మీద గాలి పేర్చిన మంచు చూరులు లోయ మీదికి వంగి ఉంటాయి. పై నుంచి చూస్తే గట్టి నేలలాగే కనిపిస్తాయి, అంచుకు బాగా వెనక్కి ఉండి నడవాలి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా పగలు పెరిగి మంచు నిలకడగా ఉండే కాలం. ఏవీమోర్ దగ్గరి గ్లెన్‌మోర్ లాడ్జిలో చలికాలపు కోర్సులు నడుస్తాయి.

మంచు చరియలు

అవలాంచ్ అనే ప్రమాదం తెలుగు నేల మీద ఊహకు కూడా రాదు. అందుకే దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. స్కీయర్లను చంపేవి ఎక్కువగా పలక చరియలు. గాలి మోసుకొచ్చిన మంచు గట్టి పలకగా ఏర్పడి, దాని కింద బలహీనమైన పొర ఉన్నప్పుడు, మనిషి బరువుకే పగులు పుట్టి, వాలంతా ఒక్కసారిగా జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులే ప్రధానంగా ప్రమాదకరం. దురదృష్టవశాత్తు స్కీయింగ్‌కు సరదా ఇచ్చేవీ అవే. చిక్కుకున్నవారిలో ఎక్కువమంది విషయంలో ఆ పలకను కదిలించింది వారే, లేదా వారి బృందంలోని వారే.

యూరప్ ప్రమాద సూచిక 1 నుంచి 5 వరకు. అంకెకూ అంకెకూ మధ్య ప్రమాదం సమానంగా కాక, రెట్టింపుల్లో పెరుగుతుంది. 3 అంటే మధ్యలో ఉంది కదా, ఫర్వాలేదు అనుకోవడం తప్పు. మరణాలు ఎక్కువ నమోదయ్యేది ఆ అంకె ఉన్న రోజుల్లోనే, ఎందుకంటే 4, 5 ఉన్నప్పుడు చాలామంది ఇంట్లోనే ఉంటారు. స్కాట్లండులో అవలాంచ్ సమాచార సేవ, ఎస్ఏఐఎస్, చలికాలమంతా ఆరు ప్రాంతాలకు రోజూ సూచన ఇస్తుంది. ఏ దిక్కు వాలు, ఏ ఎత్తు పైన ప్రమాదమో పటం గీసి చూపిస్తుంది. ఆ బొమ్మ చదవడం రానివారికి ఎంత ఖరీదైన పరికరమైనా దండగే.

పరికరాలు మూడు: సంకేతం పంపి, అందుకునే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ, పార. బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా మూడూ ఉండాలి, ఎందుకంటే నా పార నన్ను తవ్వదు, పక్కవారిని తవ్వుతుంది. ట్రాన్సీవర్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. మూడు యాంటెన్నాలున్న డిజిటల్‌దే కొనాలి. పాత ఒంటి యాంటెన్నావి చవగ్గా దొరికినా వద్దు. పై కోటు కింద కట్టుకుని, బయలుదేరేటప్పుడు ఆన్ చేసి, దిగి కారు చేరేదాకా ఆపకూడదు. ఫోను, స్మార్ట్ గడియారం, వేడిచేసే చేతి తొడుగు దీని సంకేతాన్ని చెడగొడతాయి. ప్రసారంలో ఉన్నప్పుడు 20 సెంటీమీటర్లు, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల దూరం పాటించాలి. బ్యాటరీలు తయారీదారు చెప్పిన రకంవే వేయాలి. ప్రోబ్ కనీసం 240 సెంటీమీటర్లు, పార లోహంది. చరియ ఆగాక మంచు దాదాపు సిమెంటులా బిగుస్తుంది, ప్లాస్టిక్ పార విరిగిపోతుంది. పూడిపోయినవారు బతికే అవకాశం మొదటి 10, 15 నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది. ఆ సమయంలో ఎక్కువ భాగం తవ్వడానికే పోతుంది. హెలికాప్టర్ వచ్చేలోపు పని అయిపోవాలి, అంటే చేయాల్సింది తోటివారే. అందుకే పరికరం కొన్న డబ్బుకు సమానంగా సాధనకూ కేటాయించాలి. ఒకరు పాతిపెడితే మరొకరు వెతికే ఆట పార్కులో గడ్డి మీద కూడా ఆడవచ్చు. స్టాన్‌మోర్ కంట్రీ పార్కులో ఆకుల కింద ట్రాన్సీవర్ దాచి వెతుక్కునేవారిని చూసి కుక్కల యజమానులు ఆశ్చర్యపోతే పోనివ్వాలి.

గాలి నింపుకునే ఎయిర్‌బ్యాగు సంచులు చరియలో మనిషిని పైకి తేల్చడానికి సాయపడతాయి. చెట్లు, రాళ్లు, లోతైన గుంటలున్న చోట అంతగా ఉపయోగపడవు. వాటిలోని సిలిండరుకు విమానయాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. స్టవ్వు గ్యాసు డబ్బాలు విమానంలో ఎట్టి పరిస్థితుల్లో తీసుకెళ్లకూడదు.

ఆల్ప్స్, వీసా, బీమా

షామొనీలో 3,842 మీటర్ల ఎగుయి ద్యు మిదీ నుంచి దిగే వాలె బ్లాంష్ సుమారు 20 కిలోమీటర్ల హిమానీనద మార్గం. లిఫ్టుతో చేరవచ్చు కాబట్టి సులువనిపిస్తుంది. కానీ మంచు కింద చీలికలుంటాయి. హార్నెస్, తాడు, చీలికలోంచి పైకి లాగే పరికరాలు, వాటిని వాడడం వచ్చిన మనుషులు కావాలి. తొలిసారి అంతర్జాతీయ అర్హత ఉన్న గైడుతో వెళ్లడమే తెలివి.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి బ్రిటన్ వీసా, శాశ్వత నివాస హక్కు ఉన్నా షెంగెన్ వీసా తప్పదు. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. స్కీ కాలానికి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. వీసాకు అడిగే కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమాతో కాగితం పని పూర్తవుతుంది కానీ, అలాంటి మామూలు పాలసీలు చాలావరకు గుర్తు పెట్టిన వాలులు దాటితే, తాడు కట్టుకుంటే వర్తించవు. ఆ రెండు విషయాలూ షరతుల్లో స్పష్టంగా రాసి ఉన్న పాలసీ తీసుకోవాలి. బీఎంసీ సభ్యులకు అలాంటి బీమా అమ్ముతుంది. ఆస్ట్రియన్ ఆల్పైన్ క్లబ్ బ్రిటన్ శాఖ సభ్యత్వంలో రక్షణ ఖర్చుల బీమా కలిసి ఉంటుంది. స్విట్జర్లాండులో హెలికాప్టర్ బిల్లు గాయపడినవారిదే. వీసా తేదీలకు మంచు కట్టుబడదు కనుక, రద్దు చేసుకోగల గదులు బుక్ చేయడం మంచిది. ఈ లెక్కలన్నీ చూస్తే చదువు కోసం వచ్చిన తెలుగు విద్యార్థికి మొదటి రెండు కాలాలు స్కాట్లండే మేలు. డబ్బు మిగులుతుంది, పటం చదవడం వస్తుంది.

బట్టల విషయంలో నూలును ఇంట్లోనే వదిలెయ్యాలి. చెమటకు తడిసిన నూలు వంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే కోటు, సంచి అడుగున ఆగినప్పుడు వేసుకునే దళసరి జాకెట్టు. నడక మొదలుపెట్టేటప్పుడు కొద్దిగా చలిగా అనిపించాలి, లేకుంటే పావుగంటలో చెమట. తిండిగా పల్లీలు, ఖర్జూరం, మెత్తని బెల్లపు ఉండలు బాగా పనికొస్తాయి. పల్లీ పట్టీ సున్నా కింద రాయిలా బిగుసుకుపోతుంది, పన్నుకే ముప్పు.

ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగివచ్చేదీ, ఏ వేళ దాటితే ఆరా తీయాలో ఇంట్లో రాసి ఇవ్వాలి. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కినవాడు. అంతటి అనుభవం ఉన్న మనిషి 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు, రోజుల తరబడి వెతకవలసి వచ్చింది. బ్రిటన్‌లో 999కి ఫోను చేసి ముందు పోలీసులను, తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. ముందుగా నమోదు చేసుకుంటే సంకేతం బలహీనంగా ఉన్నచోట ఆ నంబరుకు సందేశం కూడా పంపవచ్చు. వచ్చేవారు స్వచ్ఛంద సేవకులు, రుసుము తీసుకోరు. ఆరు ఈలలు, నిమిషం విరామం, మళ్లీ ఆరు ఈలలు ఇక్కడి ఆపద సంకేతం.

ఇంటికి చేరాక బయటపడే గాయాల్లో ఎక్కేవారికి వేళ్ల స్నాయువులను పట్టి ఉంచే పట్టీలు తెగడం, స్కీయర్లకు మోకాలి లోపలి బంధం తెగడం ఎక్కువ. బ్రాక్లీ హిల్ మీద ఉన్న రాయల్ నేషనల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ ఎముకలు, కీళ్ల వైద్యంలో దేశంలోనే పేరున్నది. అయితే అక్కడ అత్యవసర విభాగం లేదు. వాచిన మోకాలితో నేరుగా అక్కడికి వెళితే ప్రయోజనం ఉండదు. రాత్రివేళ అయితే హారో దగ్గరి నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి, ఆగగలిగిన గాయమైతే స్థానిక జీపీని కలిసి రెఫరల్ అడగాలి.